అమ్మానాన్నలతో వైట్ మౌంటెన్స్ హట్‌లో ఒక రాత్రి: ఏ హట్ బాగుంటుంది?

కృష్ణాతీరం:

అందరికీ నమస్కారం. మేం బోస్టన్ దగ్గర ఉంటాం. అమ్మానాన్న తెనాలి నుంచి వచ్చారు, సెప్టెంబర్ నెలాఖరుదాకా ఉంటారు. నయాగరా, న్యూయార్క్ చూపించాం. నాన్నకి అవి పెద్దగా పట్టలేదు. పోయినవారం న్యూ హాంప్‌షైర్‌లో కాంకమాగస్ హైవే మీద వెళ్తుంటే కారు అద్దం దించి, "ఈ అడవిలోకి నడిచి వెళ్ళే దారి లేదట్రా?" అని రెండుసార్లు అడిగారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన నోరు తెరిచి నాకిది కావాలని అడగడం నేను వినలేదు. అందుకే ఈ ట్రిప్ బాగా జరగాలని నాకు చాలా ఉంది.

అక్కడి వైట్ మౌంటెన్స్ కొండల్లో అపలాచియన్ మౌంటెన్ క్లబ్ వాళ్ళ హట్స్, అంటే నడిచి వెళ్ళి రాత్రి ఉండే విడిది ఇళ్ళు, ఉన్నాయనీ, రాత్రి భోజనం, పొద్దున టిఫిన్ వాళ్ళే పెడతారనీ ఆఫీసులో ఒకాయన చెప్పాడు. నాన్నకి 66. రోజూ తెల్లవారుజామునే కాలవ గట్టు మీద ఐదు కిలోమీటర్లు నడుస్తారు. అమ్మకి 61, మెట్లు దిగేటప్పుడు ఎడమ మోకాలు పట్టేస్తుంది. ఇద్దరూ శాకాహారులు, గుడ్డు కూడా తినరు. తెలియనివాళ్ళతో ఒకే గదిలో పడుకోవాలంటే అమ్మకి కాస్త ఇబ్బంది. రాత్రి బాత్‌రూమ్‌కి వెళ్ళాల్సి వస్తే ఎలా అని కూడా అడుగుతోంది. ఎలుగుబంట్ల సంగతి నేనింకా ఎత్తలేదు. పెద్దవాళ్ళని తీసుకెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

బూట్లూ బాటలూ:

మీ నాన్నగారు అద్దం దించి అడిగిన మాట చదివాక రాయకుండా ఉండలేకపోయానండీ. నేను పదకొండేళ్ళుగా న్యూ హాంప్‌షైర్‌లోని మాంచెస్టర్‌లో ఉంటున్నాను. ఆ ఎనిమిది హట్స్‌లో ఆరింట్లో పడుకున్నాను, జీలాండ్ ఫాల్స్ హట్‌లో అయితే నాలుగుసార్లు. మీరు జీలాండ్‌కే వెళ్ళండి.

ఎందుకో చెప్పేముందు నేను చేసిన తప్పు చెప్పాలి. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు ఫొటోలు చూసి లేక్స్ ఆఫ్ ది క్లౌడ్స్ హట్ బుక్ చేశాను. అది మౌంట్ వాషింగ్టన్ పక్కన, చెట్లు కూడా నిలబడని ఎత్తులో, 5,000 అడుగుల పైన ఉంటుంది. అమోనూసక్ రవీన్ దారిలో మూడు మైళ్ళే కదా అనుకున్నాను. ఆ మూడు మైళ్ళలో 2,500 అడుగులు ఎక్కాలి. పైగా మేం బయల్దేరేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటింది. సగం దారిలో వాన అందుకుంది. పైకి వెళ్ళేకొద్దీ దారంటే వాగు పక్కన ఏటవాలు బండలే. తడి బండ మీద అమ్మ అలాగే కూర్చుండిపోయి, నా చెయ్యి పట్టుకుని, "ఇంక నా వల్ల కాదే తల్లీ" అంది. ఆ చెయ్యి మంచులా ఉంది. వెనక వస్తున్న దంపతులు ఆవిడ సంచి అందుకుని, ఒక్కో అడుగూ ఎక్కడ వెయ్యాలో చూపిస్తూ తీసుకొచ్చారు. హట్ చేరేసరికి భోజనాలు సగమయ్యాయి. వేడి సూప్ గిన్నె చేతిలో పెడితే అమ్మ తాగకుండా చాలాసేపు రెండు చేతులతో పట్టుకునే కూర్చుంది. దారిని నేను మైళ్ళలో కొలిచాను, అమ్మ మోకాళ్ళతో కొలవాల్సింది. మౌంట్ వాషింగ్టన్ శిఖరం మీద 1934 ఏప్రిల్‌లో గంటకి 231 మైళ్ళ గాలి నమోదైంది. వేసవిలో కూడా అక్కడ వాతావరణాన్ని నమ్మలేం.

జీలాండ్ సంగతి వేరు. 302 రోడ్డు మీద ట్విన్ మౌంటెన్ అనే ఊరు దాటాక జీలాండ్ రోడ్‌లోకి తిరిగి, అది ఆగిపోయేచోట కారు పెట్టాలి. అక్కణ్ణుంచి హట్‌కి 2.8 మైళ్ళు, అంటే నాలుగున్నర కిలోమీటర్లు. అందులో రెండున్నర మైళ్ళు దాదాపు చదునే. దానికో కారణం ఉంది. 1880ల్లో కలప కోసం ఈ లోయలోకి రైలు పట్టాలు వేశారు. చెట్లన్నీ నరికేశాక మిగిలిన కొమ్మలూ రెమ్మలూ అంటుకుని లోయ మాడిపోయింది, 1903లో మళ్ళీ కాలింది. ఇప్పుడు దారి చాలావరకు ఆ పట్టాల కట్ట మీదే పోతుంది. చుట్టూ ఉన్నది ఆ బూడిదలోంచి మళ్ళీ లేచిన అడవి. మీ నాన్నగారికి ఇది నడుస్తూ చెప్పండి, తెల్లటి బర్చ్ చెట్ల మధ్య ఆయన నడక మారిపోతుంది.

దారి మధ్యలో బీవర్ చెరువులు వస్తాయి. వాగుకి అడ్డంగా పుల్లలూ బురదా కలిపి ఆ జంతువులు కట్టుకున్న చెరువులవి. గట్టున మొద్దులు చూడండి, పెన్సిల్ చెక్కినట్టు మొన తేలి ఉంటాయి, దగ్గరికి వెళ్తే పంటి గాట్లు వరసగా కనిపిస్తాయి. అక్కడ చెక్క పలకల మీదుగా నడవాలి. కష్టమంతా చివరి పావు మైలులోనే. అది నిటారైన రాతిమెట్ల దారి. అమ్మగారికి ట్రెకింగ్ కర్రలు రెండు ఇవ్వండి, దిగేటప్పుడు అవే ఆవిడ మోకాలిని కాపాడతాయి. మెట్లు అయిపోగానే హట్, దాన్ని ఆనుకునే బండల మీంచి జారే నీళ్ళు.

పడకలు ఒకదాని మీద ఒకటి బంకులు, ఆడా మగా అందరికీ కలిపే గది. ఇది ముందే అమ్మగారికి చెప్పండి, అక్కడికి వెళ్ళాక తెలిస్తే బాధపడతారు. మా అమ్మకీ మొదట అదే బెంగ. కానీ అక్కడికొచ్చినవాళ్ళంతా నడిచి అలిసినవాళ్ళు. తొమ్మిదిన్నరకల్లా దీపాలార్పి పడుకుంటారు. బట్టలు బాత్‌రూమ్‌లో మార్చుకోవచ్చు. చేరగానే మోకాలి సంగతి చెప్పి కింది బంకు అడగండి. చిన్న హెడ్‌ల్యాంప్ దిండు కింద పెట్టుకుంటే రాత్రి లేవడానికి ఇబ్బంది ఉండదు. టాయిలెట్లు నీళ్ళు పోసేవి కావు, కంపోస్ట్ రకం. స్నానాల్లేవు, వేడినీళ్ళ కుళాయి లేదు, ఫోన్ చార్జింగూ లేదు. దుప్పట్ల విషయం బుకింగ్‌లో ఏమని రాశారో చూసుకోండి. నేను మాత్రం ఎప్పుడూ నా పల్చటి స్లీపింగ్ బ్యాగ్ మోసుకెళ్తాను.

భోజనం సరిగ్గా ఆరింటికి, టిఫిన్ ఏడింటికి. పొడుగాటి బల్లల మీద అందరూ కలిసి కూర్చుని గిన్నెలు ఒకరికొకరు అందించుకోవాలి. వండిపెట్టేవాళ్ళంతా ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళూ అమ్మాయిలే, వాళ్ళని 'క్రూ' అంటారు. బరువు సరుకులు సీజన్ మొదట్లో హెలికాప్టర్‌లో దింపుతారు. కూరగాయల్లాంటివి మాత్రం ఈ పిల్లలే చెక్క చట్రాలకి కట్టుకుని వీపు మీద మోసుకొస్తారు. ఒకసారి ఒక అమ్మాయి తలకంటే ఎత్తైన పెట్టెల దొంతరతో ఆ రాతిమెట్లు ఎక్కుతుంటే పక్కకి జరిగి దారిచ్చాను. ఆ తర్వాత నా పళ్ళెంలో ఒక్క మెతుకు వదల్లేదు. శాకాహారమని బుక్ చేసేటప్పుడే రాయండి. గుడ్డు సంగతి మాత్రం చేరాక మళ్ళీ నోటితో చెప్పండి, కేకుల్లో ఉండొచ్చు. దారిలో తినడానికి పులిహోర, హట్‌లోకి చిన్న డబ్బాలో కందిపొడి పట్టుకెళ్ళండి. తినే వస్తువులేవీ పడుకునే గదిలో ఉంచకండి, ఎలుకలొస్తాయి. మీ చెత్త మీరే కిందికి తెచ్చుకోవాలి. ఎలుగుబంట్లు ఆ అడవిలో ఉన్నాయి, కానీ ఇన్నేళ్ళలో నాకు ఒక్కటీ ఎదురుపడలేదు.

ఖర్చు తక్కువేం కాదు, పెద్దవాళ్ళకి తలా వంద డాలర్లు దాటుతుంది, భోజనం టిఫిన్ అందులోనే. శని, ఆదివారాలు దొరకడం కష్టం. మధ్యవారం చూడండి. ఒక్క మాట గట్టిగా చెప్తాను: పదింటికల్లా నడక మొదలుపెట్టండి. తొందర లేకుండా నడిచి రెండు, మూడింటికి చేరితే సాయంత్రమంతా ఆ బండల మీద కూర్చోవచ్చు. అక్కడికి వెళ్ళేదే దానికోసం.

ఇద్దరు పిల్లల నాన్న:

పై జవాబులో అన్నీ ఉన్నాయి, నావి రెండు మాటలే. మేం పిల్లలతో లోన్సమ్ లేక్ హట్‌కి వెళ్ళాం. లాఫయెట్ ప్లేస్ నుంచి 1.6 మైళ్ళే, ఎదురుగా ఫ్రాంకోనియా కొండల వరస, పిల్లలు చెరువులోంచి బయటికి రామన్నారు. కానీ ఆ కాస్త దూరంలోనే దాదాపు వెయ్యి అడుగులు ఎక్కాలి, మర్నాడు అంతా దిగాలి. మీ అమ్మగారి మోకాలికి నేనూ జీలాండే అంటాను.

జీన్స్, కాటన్ బట్టలు వద్దండీ. తడిస్తే ఆరవు, సెప్టెంబర్‌లో చలి పట్టేస్తుంది. న్యూ హాంప్‌షైర్ ఫిష్ అండ్ గేమ్ అనే రాష్ట్ర శాఖ వాళ్ళ హైక్‌సేఫ్ కార్డు ఒకరికి 25 డాలర్లు. కొండల్లో మనకేమైనా అయితే వెతికి తీసుకొచ్చే పనులకి ఆ డబ్బు వాడతారు. నేను ప్రతి ఏడూ కొంటాను.

కృష్ణాతీరం:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండీ. సెప్టెంబర్ మొదట్లో మంగళవారం జీలాండ్ దొరికింది, బుక్ చేసేశాను. అమ్మకి బంకుల సంగతి చెప్పాను. కాసేపు ఊరుకుని, "రైలు స్లీపర్ బోగీలాగేగా" అంది. ఇంకో రెండు సందేహాలు. అమ్మ చీరలోనే నడుస్తానంటోంది, పర్వాలేదా? నాన్నకి మర్నాడు ఇంకొంచెం నడిపించే దారేదైనా ఉందా?

బూట్లూ బాటలూ:

స్లీపర్ బోగీ మాట భలే అన్నారు మీ అమ్మగారు, ఇకమీదట నేనూ అందరికీ అలాగే చెప్తాను. చీర మాత్రం వద్దండీ. రాతిమెట్ల మీద పాదం ఎక్కడ పడుతోందో కనిపించదు. సింథటిక్ చుడీదార్ చాలు. కింద చీలమండ పట్టే బూట్లు ఉండాలి. కొత్తవైతే వారం ముందునుంచీ ఇంట్లో వేసుకు తిరగమనండి.

నాన్నగారితో టిఫిన్ అయ్యాక ఈథన్ పాండ్ దారిలో జీలాండ్ నాచ్ దాకా వెళ్ళిరండి, నాచ్ అంటే రెండు కొండల మధ్య సందు. హట్ మెట్లు దిగాక అదీ పాత పట్టాల కట్టే, చదునుగా ఉంటుంది. ఓ మైలున్నర నడిస్తే చెట్లు తప్పుకుని, వైట్‌వాల్ కొండ మీంచి దొర్లిన బండల మధ్యలోకి వచ్చేస్తారు. అటు వెయ్యి, ఇటు వెయ్యి అడుగుల కొండలు, మధ్యలో మీరిద్దరే. అమ్మగారు జలపాతం దగ్గర ఉంటారు. తిరిగొచ్చేటప్పుడు ఆ రాతిమెట్లు మళ్ళీ ఎక్కాలి, అది లెక్కలో పెట్టుకోండి.

కృష్ణాతీరం:

నిన్న రాత్రి ఇల్లు చేరాం. తర్వాత వెళ్ళేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

హట్‌కి మూడు గంటల్లో చేరాం. అందులో అరగంట బీవర్ చెరువు దగ్గరే. నాన్న మోకాళ్ళ మీద కూర్చుని, కొరికిన మొద్దు మీద పంటి గాట్లని బొటనవేలితో తడిమి తడిమి చూశారు. అమ్మ భోజనానికి ముందు చెప్పులు విప్పి నీళ్ళలో కాళ్ళు పెట్టి కూర్చుని, ఆరింటి గంట కొట్టినా వెంటనే లేవలేదు. పప్పు సూపు, అప్పుడే కాల్చిన రొట్టె, పాస్తా పెట్టారు. కేకులో గుడ్డు ఉందని క్రూ అబ్బాయే ముందొచ్చి చెప్పి, వీళ్ళిద్దరికీ పళ్ళు కోసిచ్చాడు. కందిపొడి ఎదురు కూర్చున్న వెర్మాంట్ దంపతులు రెండోసారి అడిగి వేయించుకున్నారు.

నాచ్‌లో బండల దగ్గరికి వెళ్ళాక నాన్న పావుగంట ఏమీ మాట్లాడలేదు. తిరిగొచ్చేటప్పుడు, "మీ అమ్మని కూడా తీసుకురావాల్సింది" అన్నారు.

రెండు జాగ్రత్తలు. పొద్దున మంచుకి చెరువు దగ్గరి చెక్క పలకలు బాగా జారతాయి, తొమ్మిది దాటాక దిగితే మేలు. హట్ కింది రాతిమెట్లు దిగడానికి అమ్మకి అరగంట పైనే పట్టింది, రెండు కర్రలతో, నేను ఒక మెట్టు కింద నిలబడి. ఆ టైమ్ ముందే కలుపుకోండి, కింద కారు దగ్గర ఎవరూ ఎదురుచూడకుండా చూసుకోండి.