సమస్యాపూరణం: ఎండ తడిపెను, వానయే యెండఁబెట్టె

గుత్తివాడు (నిర్వహణ): ఈ వారం సమస్య తేటగీతిలో.

*ఎండ తడిపెను, వానయే యెండఁబెట్టె*

ఇది ఎక్కడినుంచి వచ్చిందో చెప్తాను. మొన్న ఆదివారం మిత్రుడితో కలిసి గుత్తి కోట ఎక్కాను. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్నారు కదా, ఆ రోజే. కింద బయల్దేరినప్పుడు మంచు. స్వెట్టర్ వేసుకున్నా పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. రెండో ద్వారం దాటేసరికి సుర్రుమని ఎండ. స్వెట్టర్ విప్పి నడుముకు కట్టుకున్నానో లేదో తుంపర మొదలైంది. పరిగెత్తి, ఒకప్పుడు ఈ కోటనేలిన మరాఠా దొర మురారిరావు గద్దె కింద దూరాం. కొండ అంచున ఆ చిన్న మంటపంలో ఇద్దరం మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంటే, కింద ఊరు ఒకసారి కనబడేది, ఒకసారి మబ్బులో మాయమయ్యేది. అక్కడ తట్టింది ఈ పాదం. ఇది నాలుగో పాదంగా, ఈ తలకిందుల మాటకు అర్థం కుదిరేలా పూరించండి.

ఆదోని కుర్రాడు: నాకిది మూడో ప్రయత్నం, తప్పులుంటే దిద్దండి.

*కోట మెట్లెక్కు వేళలో గుండె లదర*
*చెమట చొక్కాను ముంచెను చిత్రముగను*
*సద్ది తడియఁగఁ గడుపులు చల్లఁబడక*
*యెండ తడిపెను, వానయే యెండఁబెట్టె.*

తాడిపత్రి మాస్టారు: శభాష్ నాయనా. కడుపు ఎండబెట్టడం అనే అర్థం పట్టుకోవడంలోనే సగం సమస్య తీరిపోయింది. యతులన్నీ సరిపోయాయి. ఇక దెబ్బలు. 'అదరన్' ద్రుతాంతం (నకారంతో ముగిసే మాట), దాని మీద చకారం జకారమవుతుంది: 'అదరఁ జెమట'. 'ముంచెను' తర్వాతా అంతే. సంధి కంటే పెద్ద తప్పు 'చిత్రముగను'. ఎండకు చెమట పడితే అందులో చిత్రమేముంది? గణాలు నింపడానికి తెచ్చిన మాట అది, కూలికి వచ్చినట్టు నిలబడింది. పైగా సద్ది ఎందుకు తడిసిందో పద్యంలో లేదు. రెండూ ఒక్క దెబ్బతో తీరతాయి:

*జెమట చొక్కాను ముంచెను జినుకు రాలి*

ఇప్పుడు మూడో పాదంలోకి జారుతుంది చూడు. చినుకు రాలి సద్ది తడిసింది.

ఆదోని కుర్రాడు: అవును సార్. 'చిత్రముగను' దగ్గర నాకే అనుమానంగా ఉండింది, కానీ యతి కుదిరిందన్న సంతోషంలో వదిలేశాను.

తాడిపత్రి మాస్టారు: అందరం అక్కడే పడతాం. నేను మాత్రం ఆ గద్దె మీద కూర్చున్న మనిషినే తీసుకున్నాను. 1776లో హైదర్ అలీ ముట్టడిలో గుత్తి కోట పడింది ఫిరంగులకు కాదు, దాహానికి. పైన నీళ్ళు అయిపోయాక మురారిరావు లొంగిపోయాడు. మీరు తడిసిన చోటే.

*మబ్బు మొగమైనఁ జూపక మరలిపోవ*
*నీరు లేక తలుపు దీసి నిలిచెఁ గోట*
*మమ్ము నీనాఁడు, నానాఁడు మహిపు నిచట*
*నెండ తడిపెను, వానయే యెండఁబెట్టె.*

గుత్తివాడు: క్రమాలంకారం. మమ్మల్ని ఎండ తడిపింది, రాజును వాన ఎండబెట్టింది. వాన రాలేదు కదా, మరి ఎండబెట్టింది వాన ఎట్లా అవుతుంది అని ఎవరైనా అడగొచ్చు. మా సీమలో ఎవరూ అడగరు. ఇక్కడ వాన చేసే పనుల్లో రాకపోవడమే పెద్దది. 'నిచట' మాత్రం కొంచెం వదులుగా ఉంది మాస్టారూ.

తాడిపత్రి మాస్టారు: ఒప్పుకున్నా. రాత్రి పదిన్నరకు అంతకంటే దొరకలేదు.

కళ్యాణదుర్గం అక్క: మీ ఇద్దరికీ కొండ మీద వాన. మాకు కళ్ళంలో వాన.

*చేను మాడిన రైతుల చెంప లపుడు,*
*కోత వేళకుఁ గురిసిన కుండపోతఁ*
*గాయ బూజెక్క నింటిలోఁ గడుపు లన్ని,*
*యెండ తడిపెను, వానయే యెండఁబెట్టె.*

వేరుశనగ ఊడలు దిగేటప్పుడు చినుకు లేదు. చెట్లు పీకి వామి వేశాక మూడు రోజులు ముసురు. కాయ గిలక్కొడితే గలగల లేదు, మెత్తగా నల్లగా ఉంది.

తాడిపత్రి మాస్టారు: అమ్మా, అన్వయం కాస్త దూరమైంది. మొదటి పాదంలోని చెంపలు నాలుగో పాదం దాకా క్రియ కోసం కాచుకోవాలి. అయినా దిద్దమని అనను. 'కాయ బూజెక్క' అన్న చోట నేను ఆగిపోయాను.

కొండెక్కిన మిత్రుడు: నాకు ఛందస్సు రాదు. కానీ ఆ రోజు అసలు సంగతి వీళ్ళెవరూ రాయలేదు. ఒక పాదం ఇస్తున్నా: 'ఉగ్గాని పొట్లం విప్పగానే వాన'.

గుత్తివాడు: మొదట సూర్యగణం (గురువు, లఘువు గానీ మూడు లఘువులు గానీ) రావాలి రా, 'ఉగ్గా' రెండూ గురువులే. ఉండు, సరిచేస్తా.

*విప్ప నుగ్గాని పొట్లము వెంటఁ జినుకు,*
*మూఁత పెట్టఁగ నెండయు, మూఁడుమార్లు*
*తినక దిగితిమి కొండను దిట్టుకొనుచు*
*నెండ తడిపెను, వానయే యెండఁబెట్టె.*

కళ్యాణదుర్గం అక్క: ఉగ్గానికి వానేం చేస్తుందయ్యా? బొరుగులు నానబెట్టే కదా చేసేది!

గుత్తివాడు: బజ్జీలక్కా. బజ్జీలు మెత్తబడిపోయాయి.

కొండెక్కిన మిత్రుడు: వాన ఎండబెట్టింది సరే. ఎండ తడిపినట్టు ఇందులో ఎక్కడుంది? చెమట మాటే లేదే.

తాడిపత్రి మాస్టారు: ఛందస్సు రాదంటూనే నిర్వాహకుడి పద్యంలో కన్నం కనిపెట్టావు. సగం సమస్య పూరించకుండా వదిలేశాడు.

గుత్తివాడు: నిజమే. మూడో పాదం మారుస్తున్నా:

*చెమటతో మేము దిగితిమి చేతఁ బట్టి*

నాలుగో పాదం 'యెండ' అని మొదలవుతుంది. ఇప్పుడు చెమటా ఉంది, తినని పొట్లమూ చేతిలోనే ఉంది.

కొండెక్కిన మిత్రుడు: 'మేము' అంటావేం? పొట్లం కింది దాకా పట్టుకున్నది నేను. నీ చేతిలో కర్ర తప్ప ఏమీ లేదు.