సైకిల్ పోటీకి ట్యూబ్యులర్ టైరా, క్లించర్ టైరా? మన రోడ్ల మీద ఏది ఆగుతది?

దేవరకొండ_రూటు:
అల్యూమినియం ట్యూబ్యులర్ (ట్యూబును లోపల పెట్టి కుట్టేసి, రిమ్ముకు జిగురుతోని అతికించే టైరు) చక్రాల జత సెకండ్‌హ్యాండ్‌ల దొరుకుతున్నది, టైర్లు అతికించే ఉన్నయి. ఇప్పుడు వాడేది 25 ఎంఎం క్లించర్ (ట్యూబు వేరుగ ఉండి, రిమ్ము అంచు కొక్కేలకు పట్టుకునే మామూలు టైరు), రిమ్ బ్రేకులు (రిమ్మునే ఒత్తి ఆపేవి). బరువు 62 కిలోలు. ప్రాక్టీసు నల్లగొండ–దేవరకొండ రోడ్డు, అప్పుడప్పుడు శ్రీశైలం ఘాట్. రోడ్ రేసులకు ట్యూబ్యులర్ తేలిక అంటరు, పంచరైతే తిప్పలంటరు. తీసుకోవాల్నా? ఎండాకాలం జిగురు కరుగుతదా? పంచర్ షాపు సొల్యూషన్‌తోని అతికిస్తే నడుస్తదా?

పల్లేరుకాయ:
సొల్యూషన్ సంగతి ముందు. అది ట్యూబుకు ప్యాచ్ వేసేటందుకు. దానితోని టైరు అతికిస్తే మొదటి మలుపులనే ఊడివస్తది. ట్యూబ్యులర్‌కు దాని జిగురే వాడాలె.

అతికించుడు మూడు నాలుగు రోజుల పని. జిగురు లేకుండ టైరును రిమ్ముకు ఎక్కించి, గాలి నింపి, ఒకరోజు సాగనియ్యాలె. రిమ్ముకు పల్చగ మూడు పూతలు, టైరు అడుగు బట్టకు రెండు. పూతకు పూతకు నడుమ రాత్రంతా ఆరాలె. ఆఖరి పూత జర జిగటగ ఉన్నప్పుడు వాల్వు దగ్గర మొదలుపెట్టి, రెండు చేతులతో కిందికి లాగుకుంట ఎక్కించాలె. వంకర సరిచేసి, గాలి నిండుగ కొట్టి, ఇంకో 24 గంటలు ముట్టుకోవద్దు.

రిమ్ముకు అంచు కొక్కేలు ఉండవు కాబట్టి తేలికన్నది నిజమే, ఒక్కో చక్రానికి 100 గ్రాముల పైన తగ్గొచ్చు. కానీ సీటు కింద స్పేర్ టైరు కట్టుకుంటే 250 గ్రాములు మళ్ల ఎక్కినయి. క్లించర్‌కు 100 గ్రాముల ట్యూబు, టైరు ఊడదీసే రెండు లివర్లు చాలు. ట్యూబ్యులరే వేగమన్నది కూడ పాత మాట. జిగురు పొర లోపల్లోపల నలిగి కొంత శక్తి తింటది. మంచి క్లించర్‌ల లేటెక్స్ (పల్చటి సహజ రబ్బరు) ట్యూబు వేస్తే దానికి ఏమాత్రం తగ్గదు. కాకపోతే లేటెక్స్‌ల గాలి తొందరగ దిగుతది, రోజూ పొద్దున కొట్టాలె.

రిమ్ముటేపు:
మన దగ్గర అసలు శత్రువులు మూడు: తుమ్మ ముల్లు, పల్లేరు కాయ, హైవే అంచున పేలిన లారీ టైర్ల సన్న ఇనుప తీగ. వానలు పోయి పల్లేరు ఎండినంక తారు అంచు దిక్కు పోకు.

క్లించర్‌ల ఎట్ల పంచరైందో ట్యూబే చెప్తది. ఒకటే చిల్లు బయటి దిక్కుంటే ముల్లు. పక్కపక్కన రెండు చీలికలుంటే గాలి తక్కువై గుంతల రిమ్ము కొట్టింది. లోపలి దిక్కుంటే స్పోకు రంధ్రాలను కప్పే రిమ్ టేపు జరిగి స్పోకు రంధ్రం కోసింది. టైరు మీది పేరును ఎప్పుడూ వాల్వు ఉన్నకాడనే పెట్టి ఎక్కించు, అప్పుడు ట్యూబు చిల్లును బట్టి టైర్ల ముల్లు ఎక్కడుందో దొరుకుతది. వేలితోని వెతికితే తెగుతది, దూది ఉండను టైరు లోపల చుట్టూ తిప్పు. ముల్లు మొన ఉన్నకాడ పోగు చిక్కుకుంటది. (దూదికి నల్లగొండల కరువా!) ముల్లు తీయకుండ కొత్త ట్యూబు వేస్తే కిలోమీటరుల అదీ పోతది.

ఇదే ట్యూబ్యులర్ అయితే టైరు ఊడదీసి, అడుగు బట్ట లేపి, కుట్టు విప్పి, ప్యాచ్ వేసి, మళ్ల కుట్టి, మళ్ల అతికియ్యాలె. రోడ్డు మీద అయ్యే పని కాదు.

ఘాట్_దిగుడు:
ఒక్క విషయంల ట్యూబ్యులర్ పక్షమే నేను. దిగుడుల ముందు చక్రం గాలి పోతే, బాగా అతికిన ట్యూబ్యులర్ రిమ్మును విడువదు, మెల్లగ ఆపుకోవచ్చు. క్లించర్ వదులై చక్రం గుంజేస్తది.

కానీ మీవి రిమ్ బ్రేకులు. దోమలపెంట దాటినంక డ్యామ్ దాకా బ్రేకు పట్టే ఉంచితే రిమ్ము కాగి జిగురు మెత్తబడుతది. ఉత్త ఎండకు భయం లేదు, ఎండకు బ్రేకు వేడి తోడైతేనే ప్రమాదం. 2003 టూర్ డి ఫ్రాన్స్ రేసుల గ్యాప్ ఊరికి దిగేటప్పుడు స్పెయిన్ రేసరు జోసెబా బెలోకి పడ్డప్పుడు, కరిగిన తారు మీద వెనక చక్రం జారి టైరు రిమ్ము నుంచి ఊడింది. బ్రేకును పట్టే ఉంచుడు కాదు, గట్టిగ పట్టి విడువాలె.

ఆ పాత జత చూసేటప్పుడు గాలి మొత్తం తీసి, బొటనవేలితోని టైరును పక్కకు నూకు. ఎక్కడన్న అడుగు బట్ట లేచి ఎండిన జిగురు మెరిస్తే టైరు ఖర్చు వేరే లెక్కపెట్టుకో. వాల్వు చుట్టూ, దాని ఎదురు దిక్కు తప్పకుండ చూడు, సరిగ అతకనివి ఎక్కువ అక్కడనే లేస్తయి.

దేవరకొండ_రూటు:
సరే, క్లించరే ఉంచుకుంట. గాలి ఎంత?

పల్లేరుకాయ:
62 కిలోలకు, 25 ఎంఎంకు ముందు 75, వెనక 80 పీఎస్ఐ. గరుకు రోడ్డైతే 5 తగ్గించు. పొద్దున 25 డిగ్రీలల్ల 80 కొడితే, టైరు 45కు కాగేసరికి 86 అయితది, అది లెక్కల పెట్టుకొని కొట్టు. ఓయూ వెలోడ్రోమ్‌కు (సైకిల్ పందేల ట్రాక్) పోయేదుంటే మాత్రం ఆ జత గురించి మళ్ల అడుగు. ముల్లు లేని ట్రాక్ మీద లెక్క వేరే.