ఇల్లు కొనేవారి నుంచి ఏజెంటు రెండు శాతం తీసుకోవడం న్యాయమేనా?

కూకట్‌పల్లి_మధ్యవర్తి:
పద్దెనిమిదేళ్లుగా హైదరాబాదుకు పడమటి వైపున కూకట్‌పల్లి, నిజాంపేట, మియాపూర్, చందానగర్ ప్రాంతాల్లో ఇళ్లు చూపించి, బేరం కుదిర్చి, రిజిస్ట్రేషన్ దాకా వెంట ఉండటం నా వృత్తి. గత వారం ఒక దంపతులు నా ద్వారా 78 లక్షలకు పాత ఫ్లాటు కొన్నారు. రిజిస్ట్రేషన్ ముగిసి, ముందే మాట్లాడుకున్న రెండు శాతం, అంటే 1,56,000 రూపాయలు ఇవ్వవలసిన సమయానికి ఆ భర్త, "తాళం తీసి ఇల్లు చూపించినందుకు లక్షన్నరా?" అన్నారు. డబ్బు ఇచ్చారు, కానీ ఆ మాట నన్ను వదలలేదు.

నాలుగు నెలల్లో వారికి పద్నాలుగు ఇళ్లు చూపించాను. వాటిలో మూడింటిని వారు ఇష్టపడినా నేనే వద్దన్నాను. ఒకదానిలో మార్చి నెల నుంచే ట్యాంకర్లతో నీళ్లు తెప్పించుకుంటున్నారు. రెండవది ఆరవ అంతస్తులో ఉంది, మంజూరైన ప్లాను మాత్రం స్టిల్టు (కింద బండ్లు నిలిపే స్తంభాల అంతస్తు) మీద ఐదు అంతస్తులకే. మూడవదాని ఈసీ, అంటే ఆస్తి మీది లావాదేవీలు, తనఖాలు చూపే ధ్రువపత్రం, తీయిస్తే, తీరని బ్యాంకు తనఖా బయటపడింది. ఇల్లు చూడటానికి వచ్చేవారు మొదట అడిగేది తూర్పు వాకిలా, ఉత్తర వాకిలా అని. బోరులో నీళ్లు ఎన్ని అడుగుల్లో ఉన్నాయి, ఉతికిన బట్టలు ఎక్కడ ఆరేస్తారు, కరెంటు పోయినప్పుడు లిఫ్టు నడుస్తుందా, పెద్దవాళ్లు సాయంత్రం పూట కూర్చోవడానికి చోటుందా అన్నవి గృహప్రవేశం అయ్యాక గాని గుర్తురావు. ఆ ప్రశ్నలను ముందే వారి తరఫున అడగడమే నా పని అనుకుంటున్నాను.

అందువల్ల కొనేవారు కమీషన్ ఇవ్వడం న్యాయమేనని నా అభిప్రాయం. ఎవరు డబ్బు ఇస్తే ఏజెంటు వారి మనిషి అవుతాడు. కొనేవారు ఇవ్వకపోతే అతడు అమ్మేవారి మనిషిగానే మిగిలిపోతాడు. సభ్యులు తమ ఆలోచనలు చెప్పగలరు.

అద్దె_చాలు:
రెండు శాతం ఎక్కువ. ఒక శాతం సరిపోతుంది.

లెక్కల_పంతులు:
నేను ముప్పై రెండేళ్లు ఉన్నత పాఠశాలలో గణితం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని కాబట్టి లెక్క నుంచే మొదలుపెడతాను. 40 లక్షల ఇల్లు చూపించడానికీ 78 లక్షల ఇల్లు చూపించడానికీ మీ శ్రమలో తేడా ఎంత? ఈసీ ఒకటే, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఒకటే, తిరిగే బండి ఒకటే. మొదటివారి దగ్గర 80,000, రెండవవారి దగ్గర 1,56,000 ఏ ప్రాతిపదిక మీద తీసుకుంటున్నారు? ఇంకొక సంగతి. ధర పెరిగిన కొద్దీ మీ కమీషన్ పెరుగుతుంది. కొనేవారి తరఫున బేరమాడి ఐదు లక్షలు తగ్గిస్తే మీరు పదివేలు పోగొట్టుకుంటారు. తన ఆదాయాన్ని తానే తగ్గించుకునే మనిషిని కొనేవారి మనిషి అని ఎలా నమ్మాలి? పైగా అమ్మిన వ్యక్తి దగ్గర కూడా తీసుకున్నారా లేదా అన్నది మీరు రాయలేదు.

ఏజెంట్ల మాట నమ్మితే ఏమవుతుందో నాకు అనుభవం ఉంది. ప్రస్తుతానికి లెక్క వరకే అడుగుతున్నాను.

డల్లాస్_తెలుగు:
ఇక్కడ అమెరికాలో చాలాకాలంగా ఇల్లు అమ్మేవారే ఇరుపక్షాల ఏజెంట్లకూ కమీషన్ చెల్లించేవారు, మొత్తం ఐదారు శాతం దాకా ఉండేది. దాని మీద కోర్టులో వ్యాజ్యాలు నడిచి, రియల్టర్ల జాతీయ సంఘం రాజీకి వచ్చిన తరువాత, 2024 ఆగస్టు 17 నుంచి పద్ధతి మారింది. కొనేవారు ఇల్లు చూడటానికి వెళ్లకముందే తమ ఏజెంటుకు ఎంత ఇస్తారో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలి. మన దగ్గర ఎవరైనా అలాంటి కాగితం రాసుకుంటున్నారా?

కూకట్‌పల్లి_మధ్యవర్తి:
పంతులు గారూ, అమ్మినవారి దగ్గర కూడా ఒక శాతం తీసుకున్నాను. మా ప్రాంతంలో ఇరుపక్షాల వద్దా తీసుకోవడం వాడుక, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇక శ్రమ విషయానికి వస్తే, మీరు జరిగిన బేరాన్ని మాత్రమే లెక్కిస్తున్నారు. నేను ఇళ్లు చూపించే పది కుటుంబాల్లో కొనేది ఒకటో రెండో. మిగతావారు చూసి వెళ్లిపోతారు, కొందరు నేను చూపించిన ఇంటినే నన్ను తప్పించి నేరుగా యజమానితో మాట్లాడి కొంటారు. వారెవరూ నాకు పెట్రోలు డబ్బులు కూడా ఇవ్వరు. కొన్నవారు ఇచ్చేదానిలోనే కొననివారి ఖర్చు కూడా ఇమిడి ఉంటుంది. ఈ 78 లక్షల ఇంటికి యజమాని మొదట చెప్పినది 84 లక్షలు. ఆరు లక్షలు తగ్గించి ఇప్పించినది నేనే, మీ లెక్క ప్రకారం 12,000 పోగొట్టుకొని.

లెక్కల_పంతులు:
అమ్మినవారి వైపు ఒక శాతాన్ని కూడా కలిపితే మీరు పోగొట్టుకున్నది 18,000. నా లెక్క మీరే సరిగ్గా చేయలేదు. ఇరుపక్షాల దగ్గరా తీసుకున్న మనిషి ఎవరి మనిషి అన్న ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు.

సరళ_మియాపూర్:
శాతాల గొడవ పక్కన పెట్టి ఒక మాట. మేము 1,450 చదరపు అడుగులని చెప్పిన ఫ్లాటు కొన్నాం. గదుల్లో టేపు పెట్టి కొలిచి చూస్తే మాకు మిగిలినది 1,020. మెట్లు, లిఫ్టు, కారిడారు, వాచ్‌మన్ గది అన్నీ మా అడుగుల్లోనే కలిపారు. ఏజెంటు గారు ఒక్కరోజైనా కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల నిజంగా వాడుకునే చోటు, అనే మాట మా ముందు ఎత్తలేదు. కొత్త ప్రాజెక్టుల్లో ఇప్పుడు చట్టం ప్రకారం ఆ లెక్కే చెప్పాలట. పాత ఫ్లాట్లు కొనేవాళ్లు టేపు తీసుకొని వెళ్లండి. వంటింటి ప్లాట్‌ఫారం పొడవు కూడా కొలవండి. మా ఇంట్లో గ్రైండరు బాల్కనీలో ఉంది.

అద్దె_చాలు:
కమీషన్ మీద జీఎస్టీ కూడా వేస్తారా?

లెక్కల_పంతులు:
సరళ గారికి టేపుతో కొలుచుకోవడానికి గదులైనా ఉన్నాయి. దాచుకోవలసిన విషయం కాదు కాబట్టి నా సంగతి కూడా చెబుతాను.

2020లో, పదవీ విరమణ చేసిన ఏడాదికి, నాకు పదేళ్లుగా తెలిసిన ఒక ఏజెంటు ఔటర్ రింగు రోడ్డు అవతల ప్రీలాంచ్ ప్రాజెక్టు, అంటే అనుమతులు రాకముందే అమ్మేది, ఉందని తీసుకెళ్లాడు. చుట్టుపక్కల చదరపు అడుగు 4,800 నడుస్తుంటే, మొత్తం సొమ్ము ఒకేసారి కడితే 2,600కే ఇస్తారన్నాడు. 1,250 అడుగులకు 32,50,000 రూపాయలు కట్టాను. అందులో నా గ్రాట్యుటీ ఉంది, పీఎఫ్ ఉంది, మా ఆవిడ పేరు మీది రెండెకరాలు అమ్మిన డబ్బూ ఉంది. భద్రత ఏమిటని అడిగితే, "భూమిలో వాటా మీ పేరున రిజిస్టరు చేస్తున్నాం కదా సార్, ఇంతకన్నా భద్రత ఏముంటుంది?" అన్నాడు. నిజంగానే చేశారు. సేల్ డీడు ప్రకారం నేను 42 గజాల అవిభాజ్య వాటాకు యజమానిని. ఆ 42 గజాలు ఎక్కడున్నాయో చూపించమంటే మాత్రం ఎవరూ చూపించలేరు, అవిభాజ్యం అన్న మాటకు అర్థమే అది. ప్లానుకు అనుమతి ఈనాటికీ రాలేదు. మొన్న వెళ్లి చూస్తే బోర్డు కూలిపోయి ఉంది, సర్కారు తుమ్మ మనిషి ఎత్తున పెరిగింది.

ఆ ఏజెంటు నా దగ్గర పైసా తీసుకోలేదు. మీ నుంచి ఏమీ వద్దు సార్ అన్నాడు. ఆ మాటకు నేను కృతజ్ఞతలు కూడా చెప్పాను.

దస్తావేజు_పని:
పంతులు గారికి జరిగినటువంటివి మా దగ్గరకు తరచుగా వస్తుంటాయి కాబట్టి చట్టం ఏమి చెబుతుందో రాస్తున్నాను. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం ప్రకారం స్థలం 500 చదరపు మీటర్లు మించినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించినా ప్రాజెక్టును రెరాలో (ఆ చట్టం కింద ఏర్పడిన నియంత్రణ సంస్థలో) నమోదు చేయకుండా ప్రకటించకూడదు, అమ్మకూడదు. రిజిస్టరైన అమ్మకపు ఒప్పందం లేకుండా ధరలో పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదని సెక్షన్ 13 చెబుతుంది. ఏజెంటు కూడా సెక్షన్ 9 కింద నమోదై ఉండాలి. నమోదు కాని ప్రాజెక్టులో అమ్మకాలు కుదర్చకూడదని సెక్షన్ 10లో స్పష్టంగా ఉంది. ఈ నిబంధనలను ఉల్లంఘించిన ఏజెంటుకు సెక్షన్ 62 కింద రోజుకు పదివేల చొప్పున, అమ్మకానికి సాయపడిన ఆస్తి విలువలో ఐదు శాతం దాకా జరిమానా పడుతుంది. కమీషన్ ఎంత ఉండాలన్నది మాత్రం ఆ చట్టం చెప్పదు.

కూకట్‌పల్లి_మధ్యవర్తి:
పంతులు గారికి జరిగిన నష్టానికి బాధపడుతున్నాను. కానీ ఒక మాట చెప్పక తప్పదు. 4,800 ధర నడుస్తున్నచోట 2,600కు ఇస్తున్నారంటే అది ఎలా సాధ్యమన్న అనుమానం లెక్కలు చెప్పిన మనిషికి రాకపోతే ఎలా? బ్యాంకు ఆ ప్రాజెక్టుకు అప్పు ఇస్తుందా అని ఒక్కసారి అడిగి ఉంటే చాలు. పద్దెనిమిదేళ్లుగా చూస్తున్నాను, చౌకగా వస్తుందంటే జనం కాగితాలు చూడరు. తరువాత తప్పంతా ఏజెంటు మీద వేస్తారు. అత్యాశకు కూడా కొంత బాధ్యత ఉంటుంది కదా.

సరళ_మియాపూర్:
ఆ మాట అనకుండా ఉండవలసిందండీ.

లెక్కల_పంతులు:
అత్యాశ అన్నారు. నాకు రెండు ఇళ్లు లేవు, ఒకటి అమ్మి మరొకటి కొని లాభం చూసుకుందామని వెళ్లలేదు. ముప్పై రెండేళ్లలో పదకొండు ఊళ్లలో అద్దె ఇళ్లలో ఉన్నాం. బదిలీ అయిన ప్రతిసారీ మా ఆవిడ తులసి కోటను కూడా లారీ ఎక్కించేది. ఆమెకు ఒక వంటిల్లు, ఆ తులసికి ఒక చోటు కావాలనుకున్నాను. నా దగ్గర ఉన్న డబ్బుకు హైదరాబాదులో కట్టి సిద్ధంగా ఉన్న ఇల్లు రాదు. 4,800 పెట్టలేనివాడికి 2,600 చూపిస్తే అటు వెళతాడు. దానిని మీరు ఆశ అనండి, అత్యాశ అనకండి. ఇప్పుడు మా అమ్మాయి అపార్ట్‌మెంటులో, మనవడి చదువుకునే గదిలో ఉంటున్నాం. అల్లుడు మంచివాడు, ఒక్కనాడూ ఏమీ అనలేదు. అయినా రాత్రి తొమ్మిది దాటాక హాల్లోకి రావాలంటే మా ఆవిడ తటపటాయిస్తుంది.

రెండు శాతం ఎక్కువా తక్కువా అని పొద్దుటి నుంచి వాదిస్తున్నాను, నిజానికి నాకు దానితో పేచీ లేదు. ఆ రోజు ఆ మనిషి రెండు కాదు, మూడు శాతం అడిగి ఉన్నా ఇచ్చేవాణ్ని. అతనికి ఎవరు ఇస్తున్నారో, ఎంత ఇస్తున్నారో నాకు చెప్పలేదు. అదొక్కటీ తెలిసి ఉంటే అతని మాటను ఎంతవరకు నమ్మాలో నేనే లెక్క వేసుకునేవాణ్ని. మీరు మొదటి సందేశంలో రాసిన మాటే ఇది, ఎవరు డబ్బు ఇస్తే వారి మనిషి అని. కాబట్టి సూటిగా అడుగుతున్నాను. మీరు ఎప్పుడైనా ప్రీలాంచ్ అమ్మారా?

డల్లాస్_తెలుగు:
ఇది వ్యక్తిగతంగా మారుతోంది. దయచేసి ఇద్దరూ ఒక రాత్రి ఆగి రాయండి.

కూకట్‌పల్లి_మధ్యవర్తి:
రాత్రంతా ఆలోచించి రాస్తున్నాను. ముందుగా, అత్యాశ అన్న మాటను వెనక్కు తీసుకుంటున్నాను. పంతులు గారు నన్ను క్షమించాలి.

అమ్మాను. 2020, 2021లో ఒకే ప్రాజెక్టులో ముగ్గురికి ఇప్పించాను. కరోనా వల్ల పాత ఇళ్ల బేరాలు ఆగిపోయి, ఆఫీసు అద్దె కట్టలేని స్థితిలో ఉన్నాను. బిల్డరు నాలుగు శాతం ఇచ్చాడు. కొన్నవారి దగ్గర ఏమీ తీసుకోలేదు, మీ దగ్గర ఆయన తీసుకోనట్టే. బిల్డరు నాకు ఎంత ఇస్తున్నాడో ఆ ముగ్గురిలో ఒక్కరికీ చెప్పలేదు. అనుమతి వస్తుందని నేనూ నమ్మాననే మాట నిజమే, కానీ నాలుగు శాతం రాకపోతే అంత తేలికగా నమ్మేవాణ్ని కాదు. ఆ తరువాతనే రెరాలో నమోదు చేసుకొని, కొనేవారి దగ్గర కూడా తీసుకోవాలని నిర్ణయించుకున్నాను. ఈ రెండు శాతాన్ని ఇంత గట్టిగా సమర్థించడానికి కారణం అదే. దానిని దాచిపెట్టి చర్చ మొదలుపెట్టడం నా తప్పు.

లెక్కల_పంతులు:
చెప్పినందుకు సంతోషం. ఆ ముగ్గురి పరిస్థితి ఇప్పుడేమిటి?

కూకట్‌పల్లి_మధ్యవర్తి:
ఒకరికి రెండేళ్లు తిరిగి, అసలు మాత్రం వెనక్కు ఇప్పించగలిగాను, వడ్డీ రాలేదు. మిగతా ఇద్దరికీ ఏమీ రాలేదు. వారిలో ఒకరు ఆర్టీసీలో పనిచేసి విరమించారు. మొదట్లో ఆయన ఫోన్ చేసేవారు, నేను ఎత్తేవాణ్ని కాదు. ఏడాదిగా ఆయన చేయడం మానేశారు.

లెక్కల_పంతులు:
ఆయనకు మీరే ఫోన్ చేయండి. దస్తావేజు గారు చెప్పిన సెక్షన్ల ప్రకారం ఫిర్యాదు వేయాలంటే ఆ వయసు వారికి ఎవరో ఒకరు వెంట ఉండాలి. బిల్డరు మీకు ఇచ్చిన నాలుగు శాతం తాలూకు కాగితం ఉంటే అది కూడా వారికి ఇవ్వండి.

దస్తావేజు_పని:
ఫిర్యాదు సెక్షన్ 31 కింద వేయాలి. సేల్ డీడు నకలు, డబ్బు కట్టిన బ్యాంకు స్టేట్‌మెంటు, అప్పటి కరపత్రం, వాట్సాప్ సందేశాలు ఏవి ఉన్నా జతపరచవచ్చు. పంతులు గారూ, మీరు ఇంతకుముందు వేశారా?

లెక్కల_పంతులు:
లేదండీ. ఆ ఏజెంటు నా పూర్వ విద్యార్థి తండ్రి. ఇన్నాళ్లూ మొహమాటం అడ్డొచ్చింది. కాగితాలన్నీ ఒక సంచిలో ఉన్నాయి, సోమవారం తీస్తాను.

కూకట్‌పల్లి_మధ్యవర్తి:
ఇప్పుడే ఆయనకు ఫోన్ చేశాను, వారి అబ్బాయి ఎత్తాడు. ఆదివారం ఉదయం ఇంటికి రమ్మన్నారు. నాలుగు శాతం బ్యాంకు ద్వారానే వచ్చింది కాబట్టి స్టేట్‌మెంటు తీసుకొని వెళతాను. అది ఇస్తే సెక్షన్ 62 నాకు కూడా వర్తిస్తుందని తెలుసు.

అద్దె_చాలు:
జీఎస్టీ సంగతి ఎవరూ చెప్పలేదు.

దస్తావేజు_పని:
ఏజెంటు జీఎస్టీలో నమోదై ఉంటే కమీషన్ మీద 18 శాతం పడుతుంది. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే నమోదు తప్పనిసరి. బిల్లు అడిగి తీసుకోండి.