అప్‌డేట్: మా తమ్ముని ప్లంబర్ సర్టిఫికెట్ సంగతి

పోయిన నెల అడిగిన కదా, మా తమ్ముడు నల్లగొండలో 14 ఏండ్ల సంది నల్లా పనులు చేస్తుండు, చేతిల కాగితం ఒక్కటి లేదు, మళ్ల ఏడాది ఐటీఐల కూసోవాల్నా అని. అక్కర పడలేదు. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కింద, ఉన్న అనుభవాన్నే పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ పద్ధతుంది. అందుల పాసైండు.

పరీక్షల సీపీవీసీ అనే ప్లాస్టిక్ పైపు కోసి, అంచు గీకి, అతికించే సాల్వెంట్ జిగురు రాసి, సాకెట్ల పావు చుట్టు తిప్పి పట్టుకొమ్మన్నరట. రోజూ చేసే పనికే చెయ్యి వణికిందన్నడు. జాయింట్ల నుంచి మాత్రం చుక్క కారలే.

ఒక్కటి యాదుంచుకోండ్రి: సర్టిఫికెట్ వేరు, లైసెన్స్ వేరు. మున్సిపల్ లైన్ పనికి లైసెన్స్ కోసం మళ్ల దరఖాస్తు పెట్టుకోవాలన్నరు, నిన్ననే ఇచ్చినం. అమ్మయితే ఆ సర్టిఫికెట్‌ను దేవుని పటాల పక్కన పెట్టింది. దారి చూపినోళ్లందరికీ దండాలు.