ఫాబ్రీస్ గౌను పూసలు రాలిపోతున్నాయి, ఎలా ఆపాలి?

అందరికీ నమస్తే. న్యూజెర్సీలో ఉంటాను. పోయిన నెల ఒక పాత బట్టల షాపులో నల్ల షిఫాన్ గౌను కొన్నాను. ఒళ్లంతా పూసలే, మెడ లోపల ‘ఫాబ్రీస్’ అని లేబుల్. ఇంటికొచ్చి వెతికితే తెలిసింది, ఫాబ్రీస్ సిమోన్ హైతీలో పుట్టి న్యూయార్క్‌లో పూసల ఈవెనింగ్ గౌన్లతో పేరు తెచ్చుకున్న డిజైనర్ అని. 1981లో ఆయనకి కోటీ అవార్డు (అప్పట్లో అమెరికాలో ఫ్యాషన్ డిజైనర్లకి ఇచ్చే అవార్డు) వచ్చింది. 1998లో 47 ఏళ్లకే పోయారు, పాపం.

తెలివి తక్కువగా హ్యాంగర్‌కి తగిలించాను. పూసల బరువుకి భుజాల దగ్గర గుడ్డ సాగిపోయింది. తిరగేసి చూస్తే అచ్చం మన మగ్గం వర్క్‌లాగే గొలుసుకుట్టు. నిన్న ఒక పోగు గోరుకి తగిలిందంతే, జానెడు వరస టపటపా ఊడిపోయింది! రాలినవన్నీ ఏరి అగ్గిపెట్టెలో దాచాను.

ఇంత పాత షిఫాన్ ఆరీ సూదిని (మగ్గం వర్క్‌కి వాడే కొక్కెం సూది) తట్టుకుంటుందా, లేక మామూలు సన్న సూదితో ఒక్కో పూసా కుట్టుకోవాలా? భుజాల కింద నెట్ వేస్తే బరువు ఆగుతుందా? డిసెంబర్‌లో హైదరాబాద్ వస్తున్నాను. ఇలాంటి పాత షిఫాన్ మీద చెయ్యి తిరిగిన మగ్గం మాస్టర్ ఎవరైనా తెలిస్తే చెప్పండి. అంతదాకా దుప్పట్లో పరిచి పెట్టాను, మడవడానికి కూడా భయంగా ఉంది.