జపాన్ కొనుగోలుదారుల మౌనాన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రశ్న (బరంపురం, గంజాం జిల్లా):
గోపాలపూర్ దగ్గర రొయ్యలు ఎగుమతి చేసే ఒక సంస్థలో ఉత్తర ప్రత్యుత్తరాలు నేను చూస్తాను. మొన్న జపాన్ దిగుమతిదారులతో వీడియోలో మాట్లాడినప్పుడు మా యజమాని ధర చెప్పాక అటువైపు చాలాసేపు ఎవరూ నోరు విప్పలేదు; ఆ నిశ్శబ్దాన్ని తట్టుకోలేక ఆయనే ధర తగ్గించారు. తరువాత వచ్చిన ఉత్తరంలో ధర ఊసే లేదు. గడ్డకట్టించిన టైగర్ రొయ్యల బ్లాకు (దిమ్మ) అడుగు వరుసలో తోకలు ఎందుకు విరిగాయి, ఫ్రీజర్ ఉష్ణోగ్రత రిజిస్టరులో రాత్రిపూట సంతకం ఎవరు చేస్తారు, ఇలాంటి ప్రశ్నలే ఉన్నాయి. మన మీద నమ్మకం లేదని భావించి, వారి పైఅధికారికే నేరుగా ఫోను చేస్తానని యజమాని అంటున్నారు. చేయవచ్చునా?

జవాబు (రాయగడ):
ఉక్కు తయారీలో వాడే ఫెర్రో అల్లాయ్ (ఇనుప మిశ్రమ లోహం) ఎగుమతుల్లో చాలాకాలం పనిచేశానండీ. దయచేసి ఆ ఫోను చేయనివ్వకండి. అక్కడి పాత, పెద్ద సంస్థల్లో మీతో మాట్లాడే ఉద్యోగి ముందుగా సంబంధిత విభాగాల వారిని విడివిడిగా కలిసి ఒప్పించి, ఆ తరువాత ప్రతిపాదన రాసి, 'రింగి' పద్ధతిలో ఒక్కొక్కరి ముద్ర వేయించుకుంటూ పైకి పంపుతారు. సమావేశంలో అప్పటికప్పుడు తేల్చడం అరుదు. మీకు వచ్చిన ప్రశ్నలు చాలావరకు లోపల ఆయనను అడుగుతున్నవే అయివుంటాయి. ఆయనను దాటి పైకి వెళితే, అక్కడ మీ తరఫున మాట్లాడే ఒక్క మనిషి పరువూ తీసినవారవుతారు. ఇకమీదట ధర చెప్పాక ఆగండి, వారు ఆలోచిస్తున్నారనుకోండి. వద్దనుకున్నా ముఖం మీద చెప్పరు. గడువేదీ చెప్పకుండా 'పరిశీలిస్తాం' అన్నప్పుడే జాగ్రత్త పడాలి.

జవాబు (పర్లాకిమిడి):
రొయ్యల నాణ్యత విభాగంలో ఉన్నాను. మేత పాడవకుండా కలిపే ఎథాక్సిక్విన్ కోసం 2012లో జపాన్ మన రొయ్యలను పరీక్షించడం మొదలుపెట్టినప్పుడు, వారి పరిమితి 0.01 పీపీఎం, అంటే పది కోట్ల భాగాల్లో ఒక్క భాగంగా ఉండేది. అంత సూక్ష్మంగా చూసే మార్కెట్టులో రాత్రి సంతకం గురించి అడగడాన్ని అవమానంగా తీసుకోనక్కరలేదు. వారు అడిగిన వరుసలోనే జవాబులు రాయండి, రిజిస్టరు పేజీ ఫొటో జతచేయండి, తోకలు విరగడానికి కారణమూ, మళ్లీ విరగకుండా మార్చిన పద్ధతీ తెలపండి. తెలియనిదానికి ఏ తేదీకల్లా చెబుతారో రాయండి. మన వైపు 'అయిపోతుంది లెండి' అనేస్తాం. వారు దానిని ఇచ్చిన మాటగా లెక్కిస్తారు. సరుకులో లోపం కనబడితే కంటైనర్ కదలకముందే తెలియజేయండి.

జవాబు (జయపురం):
పై ఇద్దరి మాటా సరైనదే గాని, చిన్న సంస్థల్లో యజమానే తేల్చేస్తారు కనుక, నిర్ణయానికి ఎవరెవరి ఆమోదం కావాలో, ఇంకా ఏ పత్రాలు పంపితే ఉపయోగమో ఆ ఉద్యోగినే మర్యాదగా అడగండి. తగ్గించిన ధరను మళ్లీ పెంచవద్దు, ఇంకా తగ్గించనూ వద్దు. వారి గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది కాబట్టి ఉత్తరం మన మధ్యాహ్నం లోపే చేరేలా చూడండి. ఏప్రిల్ నెలాఖరు నుంచి మే 5 వరకు వరుస సెలవులు, ఆగస్టు మధ్యలో పితృదేవతలను తలచుకునే ఓబోన్ పండుగ సెలవులు వస్తాయి. ఆ రోజుల్లో జవాబు రాకపోతే ఆందోళన పడి గుర్తుచేస్తూ ఉత్తరాలు పంపకండి.