క్లస్టర్ తలనొప్పికి సైలోసైబిన్ పనిచేస్తుందా? మా అన్నయ్య విషయంలో సలహా కావాలి

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా అన్నయ్య ఏడేళ్లుగా క్లస్టర్ తలనొప్పితో బాధపడుతున్నాడు. మొదట్లో పంటి నొప్పి అనుకుని రెండు పళ్లు తీయించుకున్నాడు, తర్వాత సైనస్ అనుకుని ఏడాదికి పైగా మందులు మింగాడు, నాలుగో ఏట గానీ ఒక న్యూరాలజిస్టు అసలు జబ్బు పేరు చెప్పలేదు. ఏటా దాదాపు ఒకే కాలంలో మొదలై ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉంటుంది. రాత్రి నిద్రపట్టిన గంటన్నరకు, వేళ తప్పకుండా, నొప్పి తెర వస్తుంది. కుడి కన్ను ఎర్రబడి, ఆ ఒక్క కంటి నుంచే నీరు కారుతుంది, రెప్ప వాలిపోతుంది, ముక్కు ఆ వైపే మూసుకుపోతుంది. పడుకోలేడు, కూర్చోలేడు. బొటనవేలితో కనుగుంట అంచును నొక్కిపట్టుకుని ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూనే ఉంటాడు.

నొప్పి రాకుండా ఉండటానికి ప్రస్తుతం వెరపమిల్ వాడుతున్నాడు. రెండు నెలల క్రితం లిథియం కూడా చేర్చారు. నొప్పి వచ్చినప్పుడు సుమాట్రిప్టాన్ ఇంజెక్షన్ చేసుకుంటాడు. రోజుకు రెండుకు మించి వాడకూడదన్నారు కాబట్టి, మూడో తెర వచ్చిన రాత్రి అతనికి ఏ ఆధారమూ ఉండదు. ఈ మధ్య సైలోసైబిన్ అనే, భ్రాంతులు కలిగించే పదార్థం ఉన్న పుట్టగొడుగుల గురించి ఎక్కడో చదివి, "ఒక్కసారి ప్రయత్నిస్తే పోయేదేముంది?" అంటున్నాడు. వద్దని చెప్పడానికి నా దగ్గర కారణం లేదు, సరేనని చెప్పే ధైర్యమూ లేదు. ఈ మందుల గురించి నిజంగా తెలిసినది ఎంత? ఇప్పుడు వాడుతున్న మందులతో కలిస్తే ప్రమాదమా? దయచేసి తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

సమాధానం 1 (న్యూరాలజిస్టు)

ముందుగా ఒక మాట, అది అన్నింటికన్నా అత్యవసరం కనుక. లిథియం వాడుతున్న మనిషి సైలోసైబిన్ గానీ, అలాగే భ్రాంతులు కలిగించే ఎల్‌ఎస్‌డీ గానీ తీసుకోకూడదు. లిథియంతో పాటు ఇలాంటి మందు తీసుకున్నవారు ఇంటర్నెట్‌లో రాసుకున్న అనుభవాలను పరిశోధకులు 2021లో పరిశీలించారు. 62 అనుభవాల్లో 47 శాతం వాటిలో మూర్ఛ వచ్చినట్టు ఉంది. ఇవి ఎవరికి వారు రాసుకున్నవి, కాబట్టి ఆ శాతాన్ని ఉన్నది ఉన్నట్టుగా అందరికీ వర్తింపజేయలేము. అయినా పక్కన పెట్టదగిన సంకేతం కాదు. ఈ సంగతి మీ అన్నయ్యగారికి ఈరోజే చెప్పండి. అలాగని ఆయన తనంతట తాను లిథియం మానేసి ప్రయత్నిద్దామనుకుంటే అదీ పొరపాటే.

ఇక ఆధారాల విషయం. సైలోసైబిన్ ఆలోచన ప్రయోగశాలలో పుట్టలేదు, రోగుల దగ్గర పుట్టింది. వారి అనుభవాలను 2006లో అమెరికాకు చెందిన సూవెల్, హాల్పెర్న్, పోప్ అనే వైద్యులు 53 మందితో మాట్లాడి 'న్యూరాలజీ' పత్రికలో ప్రచురించారు. వస్తున్న నొప్పిని ఆపడానికి సైలోసైబిన్ వాడిన 26 మందిలో 22 మంది అది పనిచేసిందన్నారు. ఆశ్చర్యపరిచే సంఖ్యే. అయితే వారిని ఎంపిక చేసిన తీరు చూడాలి: ఫలితం కనబడినవారే ముందుకొచ్చి చెబుతారు, కనబడనివారు మౌనంగా ఉండిపోతారు.

ప్లాసిబోతో, అంటే మందు లేని ఉత్తుత్తి మోతాదుతో, పోల్చిన తొలి పరీక్ష యేల్ విశ్వవిద్యాలయంలో జరిగింది. షిండ్లర్ బృందం 2022లో ప్రచురించిన ఆ ఫలితాల్లో లెక్కకు వచ్చినవారు 14 మందే. 70 కిలోల బరువుకు 10 మిల్లీగ్రాముల చొప్పున, ఐదేసి రోజుల ఎడంతో మూడు మోతాదులు, ఆసుపత్రి పర్యవేక్షణలో ఇచ్చారు. వారానికి వచ్చే తెరలు సగటున మూడింటికి పైగా తగ్గాయి, కానీ ఇంత చిన్న జట్టులో ఆ తేడా యాదృచ్ఛికం కాదని గణాంకపరంగా రుజువు కాలేదు. అదే బృందం కనీసం ఆరు నెలల తర్వాత 10 మందికి మరో విడత ఇచ్చి చూడగా తెరల సంఖ్య సుమారు సగానికి పడిపోయింది. డెన్మార్క్‌లో దీర్ఘకాలిక రకం ఉన్న 10 మందికి, ప్లాసిబో లేకుండా, మందు ఇచ్చి చూసిన ఫలితాలు 2024లో వచ్చాయి. సగటున 31 శాతం తగ్గుదల కనబడింది. ఒక వ్యక్తికి 21 వారాలు నొప్పే రాలేదు.

ఈ జబ్బులో మనల్ని పొరబాటు పడేలా చేసే గుణం ఒకటుంది: విడత, అంటే వారాలపాటు తెరలు వచ్చే కాలం, దానంతట అదే ముగుస్తుంది. ఆరు వారాల విడతలో బాధపడుతూ, ఇక భరించలేక ఐదో వారం చివర్లో ఏదో ఒకటి తీసుకుంటే, ఆ తర్వాత నొప్పి ఆగిన ఘనత దానికే దక్కుతుంది. కాకి వాలడమూ తాటిపండు పడటమూ ఒకేసారి జరిగినట్టు. అందుకే ఒక్కొక్కరి అనుభవాన్ని గౌరవిస్తూనే, దాన్ని రుజువుగా తీసుకోవడానికి నేను వెనకాడతాను.

సమాధానం 2 (పదకొండేళ్లుగా ఈ జబ్బుతో ఉన్న స్త్రీ)

డాక్టరుగారికి నమస్కారం. మీరు చెప్పిన జాగ్రత్తలన్నీ నాకు సమ్మతమే, కాకతాళీయం అన్న మాట దగ్గర మాత్రం ఆగిపోయాను. నాది దీర్ఘకాలిక రకం. ఏడాదిలో మూడు నెలల విరామం కూడా దొరకనివాళ్లనే ఈ రకంలో చేరుస్తారని మీకు తెలుసు. నాలాంటివారికి వాలడానికి సిద్ధంగా ఉన్న కాకీ లేదు, పడటానికి పండిన పండూ లేదు. అలాంటి మనిషికి వారాల తరబడి నొప్పి ఆగితే, "దానంతట అదే ఆగింది" అనడం అంత సులువు కాదు. 2002లో బాబ్ వోల్డ్ క్లస్టర్‌బస్టర్స్ సంస్థను స్థాపించి, పరిశోధన చేయండని వైద్యుల తలుపులు తట్టకపోతే, మీరు చెప్పిన పరీక్షలు ఇంకెన్నేళ్లు ఆలస్యమయ్యేవో.

నేను మాత్రం సైలోసైబిన్ తీసుకోలేదు. మా నాన్నగారికి బైపోలార్ అనే మానసిక వ్యాధి ఉండేది. కుటుంబంలో అలాంటి చరిత్ర ఉన్నవారిని పరీక్షల్లో కూడా చేర్చుకోరని తెలిసి ఆగిపోయాను.

మీ ప్రశ్నలో నన్ను కలవరపెట్టింది వేరొకటి. వెరపమిల్, లిథియం, ఇంజెక్షన్ అన్నీ రాశారు. ఆక్సిజన్ పేరే లేదు. మూడో తెరకు ఆధారం లేదన్నారే, అది ఇదే. 2009లో లండన్ వైద్యులు ప్రచురించిన పరీక్షలో 15 నిమిషాల్లో ఉపశమనం ఆక్సిజన్‌తో 78 శాతం తెరలకు, మామూలు గాలితో 20 శాతం తెరలకు కలిగింది. రోజుకు ఎన్నిసార్లయినా వాడవచ్చు. కానీ దాన్ని వాడే తీరు చాలామందికి చెప్పరు. నాకు మొదటిసారి ముక్కులో పెట్టే సన్నని గొట్టంతో నిమిషానికి నాలుగు లీటర్లు ఇచ్చారు, ఏమీ జరగలేదు, ఆక్సిజన్ నాకు పడదని రాసేశారు. మూడేళ్లు అలా వృథా అయ్యాయి. కావలసింది సంచీ ఉన్న, వదిలిన గాలిని మళ్లీ లోపలికి రానివ్వని మాస్కు; నిమిషానికి 12 నుంచి 15 లీటర్లు; నొప్పి మొదలైన తొలి నిమిషంలోనే. సంచీ నిండే దాకా ఆగి, మాస్కు అంచులు ముఖానికి ఎక్కడా సందు లేకుండా అదిమిపట్టి, ముందుకు వంగి కూర్చుని లోతుగా పీల్చాలి. సందు ఉందో లేదో నాకు కంటికింద చల్లగాలి తగలడాన్నిబట్టి తెలుస్తుంది. ఆ దగ్గర్లో సిగరెట్టు, మంట ఏదీ ఉండకూడదు.

సమాధానం 3 (ఔషధశాస్త్ర పరిశోధకుడు)

ఈ మందులకూ తలనొప్పికీ ఉన్న చుట్టరికం కొత్తది కాదు. రై గింజల మీద పెరిగే ఎర్గాట్ అనే శిలీంధ్రం నుంచి వచ్చిన ఎర్గోటమిన్ దశాబ్దాలపాటు తలనొప్పి మందుగా ఉంది. అదే కుటుంబపు అణువుల మీద పనిచేస్తూ ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1938లో ఎల్‌ఎస్‌డీని తయారుచేశాడు; 1958లో పుట్టగొడుగుల నుంచి సైలోసైబిన్‌ను వేరుచేసినవాడూ ఆయనే. ఎల్‌ఎస్‌డీకి దగ్గరి బంధువైన మెథిసెర్జైడ్‌ను క్లస్టర్ తలనొప్పి రాకుండా చాలాకాలం వాడారు, దీర్ఘకాలం వాడితే కడుపు వెనుక భాగంలో కణజాలం గట్టిపడుతోందని తేలాక వెనక్కి తగ్గారు.

నన్ను ఎక్కువగా ఆకర్షించేది 2010 నాటి ఒక చిన్న ప్రయత్నం. ఎల్‌ఎస్‌డీ అణువుకు ఒక బ్రోమిన్ పరమాణువును చేర్చితే భ్రాంతులు కలిగించే గుణం పోతుంది. ఆ మందును, బీఓఎల్-148 అంటారు, జర్మనీలో ఐదుగురికి మూడు మోతాదులు ఇచ్చినప్పుడు వారి తెరలు బాగా తగ్గాయి. ఐదుగురే, ప్లాసిబో జట్టు లేదు, అంతవరకూ నిజం. అయినా మనసును తలకిందులు చేసే అనుభవం లేకుండానే నొప్పిని ఆపవచ్చునేమో అన్న దారిని అది చూపింది. ఈ నొప్పి వేళలు పాటించడానికి కారణమని భావించే, మెదడులోని హైపోథాలమస్ అనే భాగం మీద ఈ మందులు ఎలా పనిచేస్తాయన్నది తేలవలసి ఉంది.

పుట్టగొడుగుల గురించి ఒక హెచ్చరిక. ఒకే బుట్టలోని రెండు పుట్టగొడుగుల్లో కూడా సైలోసైబిన్ పాళ్లు సమానంగా ఉండవు. చూడటానికి వాటిలాగే ఉండే గాలెరీనా జాతిలో కాలేయాన్ని నాశనం చేసే విషం ఉంటుంది. 1971 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం ఈ పదార్థాలను అత్యంత కఠినమైన జాబితాలో పెట్టింది కనుక, చాలా దేశాల్లో అనుమతి పొందిన పరిశోధన బయట వాటిని దగ్గర ఉంచుకోవడమే నేరం.

సమాధానం 4 (మొదట రాసిన న్యూరాలజిస్టు)

అమ్మా, మీ అభ్యంతరం న్యాయమైనది. నేను చెప్పిన వాదన విడతలుగా వచ్చే రకానికి సరిపోయినంతగా మీ రకానికి సరిపోదు, ఒప్పుకుంటున్నాను. ఆక్సిజన్ విషయం నేనే ముందు అడగవలసింది.

ప్రశ్న అడిగినవారికి మరో సంగతి. సైలోసైబిన్ పనిచేయాలంటే సుమాట్రిప్టాన్ వంటి ట్రిప్టాన్లు, స్టెరాయిడ్లు ముందే మానేయాలన్న సలహా రోగుల మధ్య తిరుగుతోంది. అలా సొంతంగా మానేస్తే నడి విడతలో మనిషి నిరాయుధుడవుతాడు. కొన్ని వారాలుగా వాడుతున్న స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపడం వేరే ప్రమాదం. ఆయన డాక్టరును తల వెనుక నరానికిచ్చే ఇంజెక్షన్ గురించి, గాల్కనెజుమాబ్ అనే నివారణ మందు గురించి అడగండి. రెండోదాన్ని విడతలుగా వచ్చే రకానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2019లో ఆమోదించింది. వెరపమిల్ మోతాదు పెంచిన ప్రతిసారీ ఈసీజీ తీయించాలి. "ఇక బతకలేను" అన్న మాట ఆయన నోట ఎప్పుడైనా వస్తే, నొప్పి తగ్గాక మరచిపోయే మాటగా తీసుకోకుండా అదే రోజు వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. లిథియం సంగతి రాత్రి అన్నయ్యకు చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత ఆ పుట్టగొడుగుల మాట ఇప్పటికి వదిలేస్తానన్నాడు. అధికారికంగా పరీక్ష ఎక్కడైనా మొదలైతే పేరు ఇస్తానన్నాడు, దానికి నేను అడ్డు చెప్పను. సోమవారం డాక్టరు దగ్గరకు వెళ్తున్నాం. ఆక్సిజన్ అడగాలి, సంచీ ఉన్న మాస్కు అని ప్రత్యేకంగా చెప్పాలి, నిమిషానికి ఎన్ని లీటర్లో చీటీలో రాయించుకోవాలి.